జట్టు రంగుల పునరుద్ధరణ: బేస్‌బాల్ యూనిఫాం, హైదరాబాద్ జెర్సీ

ఒక క్రీడాజట్టు తన పాత లోగోల్లో, టోపీల్లో, జెండాల్లో వాడిన రంగులను తిరిగి తీసుకుని ఇప్పటి దుస్తులను కొత్తగా రూపొందించుకోవడాన్ని జట్టు రంగుల పునరుద్ధరణ అంటారు. ఈ పద్ధతి స్థిరపడింది అమెరికా బేస్‌బాల్‌లో. ఆ తర్వాత ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, క్రికెట్ జట్లు కూడా దీన్ని అందుకున్నాయి. పాత యూనిఫాంను అచ్చం అలాగే కుట్టించి ఒక్క మ్యాచ్‌కు వేసుకోవడం వేరు. పాత రంగులను మూలంగా తీసుకుని కొత్త కోత, కొత్త గుడ్డ, కొత్త అక్షరాలతో శాశ్వతమైన దుస్తులను తయారు చేయడం వేరు. మొదటిది స్మారకం, రెండోది పునర్రూపకల్పన. ఈ వ్యాసంలో ప్రధానాంశం రెండోదే. మొదటిది దానికి దారి తీసింది కాబట్టి దాని ప్రస్తావన కూడా వస్తుంది.

హైదరాబాద్‌లో బేస్‌బాల్ పాఠశాల క్రీడల స్థాయి దాటి పెద్దగా విస్తరించలేదు. జట్టు రంగులు, లోగోలు, వాటి మార్పుల చర్చ ఈ నగరంలో క్రికెట్, ఫుట్‌బాల్ చుట్టూనే నడిచింది. 2008 నుంచి ఇక్కడి ఐపీఎల్ క్రికెట్‌లో రెండు ఫ్రాంచైజీలు, మూడు రంగుల వరసలు కనిపించాయి. ఆ అనుభవాన్ని అర్థం చేసుకోవడానికి బేస్‌బాల్ చరిత్రే మంచి కొలమానం.

బేస్‌బాల్‌లో రంగుల పుట్టుక

న్యూయార్క్ నికర్‌బాకర్స్ క్లబ్బు 1849లో నీలం ఉన్ని ప్యాంటు, తెల్ల ఫ్లానెల్ చొక్కా, గడ్డి టోపీ తమ దుస్తులుగా నిర్ణయించుకుంది. బేస్‌బాల్ యూనిఫాం చరిత్ర అక్కడ మొదలవుతుందని సాధారణంగా చెబుతారు. ఆ రోజుల్లో జట్టును గుర్తుపట్టడానికి ప్రేక్షకులు చూసేది చొక్కా కాదు, మేజోళ్లు. 1869లో బాహాటంగా జీతాలిచ్చి ఆటగాళ్లను పెట్టుకున్న తొలి జట్టు సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్. ఎర్ర మేజోళ్లే దాని పేరయ్యాయి. షికాగోకు తెల్ల మేజోళ్లు, సెయింట్ లూయిస్‌కు గోధుమరంగు మేజోళ్లు పేర్లు పెట్టాయి. నేటి రెడ్ సాక్స్, వైట్ సాక్స్, రెడ్స్ అనే పేర్లు ఆ కాలపు మిగులు.

1882లో నేషనల్ లీగ్ ఒక విచిత్రమైన ప్రయోగం చేసింది. జట్టును బట్టి కాక, మైదానంలో ఆటగాడు నిలబడే స్థానాన్ని బట్టి చొక్కా రంగు ఉండాలంది. ఏ జట్టు ఆటగాడు ఎవరో తెలియక గందరగోళం పుట్టడంతో కొద్దికాలానికే దాన్ని వదిలేశారు. రంగు జట్టుకు చెందాలి తప్ప స్థానానికి కాదన్నది ఆ తర్వాత ఎవరూ ప్రశ్నించని సూత్రమైంది.

సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఉదాహరణ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఆ జట్టు 1899లో ఒక ముదురు ఎరుపును తన దుస్తుల్లోకి తెచ్చింది. ఆ ఛాయ పేరే 1900 నాటికి జట్టు పేరుగా మారింది. బ్యాట్ మీద వాలిన ఎర్రపిట్ట బొమ్మ చొక్కా మీదికి వచ్చింది 1922లో. ముందు రంగు, దాని నుంచి పేరు, పేరు నుంచి లోగో అన్న వరస ఇక్కడ కనిపిస్తుంది. పాత లోగోలోంచి రంగు తీస్తున్నామని అనుకునే రూపకర్త ఒక్కోసారి ఆ లోగో కంటే ముందే ఉన్న రంగును తీస్తుంటాడు.

రంగు ఊరి నుంచి రావడం మరో దారి. పిట్స్‌బర్గ్ పైరేట్స్ 1948లో నలుపు, బంగారు రంగులకు మారింది. అవి ఆ నగర జెండాలోని రంగులు. ఆ నగరంలోని ఫుట్‌బాల్, ఐస్ హాకీ జట్లకూ ఇవే రంగులు కావడంతో మొత్తం ఊరికి ఒకే వర్ణం ఏర్పడింది. అమెరికాలో ఇలాంటి ఏకత్వం మరెక్కడా అంత గట్టిగా కనిపించదు.

1963లో కాన్సస్ సిటీ అథ్లెటిక్స్ యజమాని చార్లీ ఫిన్లీ తన ఆటగాళ్లకు పచ్చ, బంగారు రంగులు తొడిగినప్పుడు సంప్రదాయవాదులు నవ్వారు. కలర్ టీవీ ఇళ్లలోకి వచ్చాక ఆ నవ్వు ఆగింది. 1970లో పైరేట్స్ ఫ్లానెల్ వదిలి సింథటిక్ డబుల్ నిట్ వేసుకోవడంతో ఘాటైన రంగులకు దారి పూర్తిగా తెరుచుకుంది. 1975లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ పసుపు, నారింజ, ఎరుపు పట్టీలతో ఇంద్రధనుస్సు జెర్సీ తెచ్చింది. 1990ల దాకా వచ్చేసరికి చాలా జట్లు ముదురు నీలం, నలుపు, ముదురు ఎరుపు వైపు మళ్లాయి. ఒకదానికొకటి పోలికగా తయారయ్యాయి. వెనక్కి చూడాలన్న కోరికకు ఈ ఏకరూపతే ప్రధాన కారణం.

పాత రంగుల వైపు మళ్లింపు

1990 జూలై 11న షికాగో వైట్ సాక్స్ తన పాత కమిస్కీ పార్కులో 1917 నాటి యూనిఫాం వేసుకుని మ్యాచ్ ఆడింది. 1917 ఆ జట్టు ప్రపంచ సిరీస్ గెలిచిన సంవత్సరం. అది ఒక్కరోజు ముచ్చటే అయినా మిగతా జట్లకు మార్గం చూపింది. అదే ఏడాది చివర్లో వైట్ సాక్స్ వెండి, నలుపు రంగుల కొత్త యూనిఫాంకు మారింది.

పునర్రూపకల్పనలో పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ శాన్ డియేగో పాడ్రేస్. 1969లో ఆ జట్టు పెద్ద లీగ్‌లోకి వచ్చినప్పుడు గోధుమరంగు దాని గుర్తు. బ్యాట్ ఊపుతున్న సన్యాసి బొమ్మ దాని లోగో. ఫ్రాన్సిస్కన్ క్రైస్తవ సన్యాసులు ధరించే అంగీ రంగే ఆ గోధుమ. 1991లో ఆ రంగును వదిలేసి ముదురు నీలం, నారింజకు, 2004లో నీలం, ఇసుకరంగుకు మారారు. అభిమానులు ఏళ్ల తరబడి పాత రంగు కావాలని అడిగారు. 2020 నుంచి గోధుమ, బంగారు రంగులు పూర్తిస్థాయిలో తిరిగి వచ్చాయి. కొత్త యూనిఫాం 1970ల నాటి దానికి నకలు కాదు. గోధుమను మరింత ముదురు చేశారు, అక్షరాలు కొత్తగా రాశారు. అయినా చూడగానే ఏ జట్టో తెలుస్తుంది.

హ్యూస్టన్ ఆస్ట్రోస్ 1994లో ముదురు నీలం, బంగారు రంగులకు, 2000లో ఇటుకరాయి ఎరుపుకు వెళ్లి 2013లో తొలినాటి ముదురు నీలం, నారింజకు తిరిగి వచ్చింది. టొరంటో బ్లూ జేస్ 2004లో నలుపు, బూడిద రంగుల వైపు వెళ్లి 2012లో నీలానికి వచ్చింది. మిల్వాకీ బ్రూవర్స్ కథ కొంచెం భిన్నం. సియాటిల్ పైలట్స్ జట్టు 1970లో మిల్వాకీకి తరలినప్పుడు కొత్త దుస్తులకు వ్యవధి లేక పైలట్స్ నీలం, బంగారు దుస్తుల మీదే పేరు మార్చి కుట్టారు. అలా ఒక ఊరి రంగు ఇంకో ఊరికి వారసత్వంగా వచ్చింది. 1978లో బంతి, గ్లవ్ కలిసిన లోగో వచ్చింది. టామ్ మైన్‌డెల్ అనే చిత్రకళా విద్యార్థి పోటీకి పంపిన బొమ్మ అది. గ్లవ్ వేళ్లు ఇంగ్లిష్ చిన్న బడి ఎమ్ అక్షరంలా, అరచేయి భాగం బి అక్షరంలా కనిపిస్తాయి. 2020లో ఆ లోగోను మెరుగుపరిచి మళ్లీ ప్రధాన గుర్తు చేశారు. మధ్యకాలంలో వాడిన లోహపు బంగారు ఛాయ స్థానంలో పసుపు వచ్చింది.

టెక్సాస్ రేంజర్స్ 1970, 80ల నాటి లేత నీలాన్ని 2020లో ప్రత్యామ్నాయ జెర్సీగా తెచ్చింది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డల్లాస్ ప్రాంతం ఈ జట్టుది. అదే ప్రాంతంలో గ్రాండ్ ప్రెయిరీలోని ఒక బేస్‌బాల్ మైదానాన్ని క్రికెట్ కోసం మార్చారు. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది అక్కడే. అక్కడి టెక్సాస్ సూపర్ కింగ్స్ చెన్నై జట్టు పసుపునే వేసుకుంటుంది. రంగు సముద్రాలు దాటి యాజమాన్యం వెంట నడవడానికి ఇదొక ఉదాహరణ.

రకాలు

పద్ధతిని బట్టి చూస్తే నాలుగైదు ధోరణులు కనిపిస్తాయి. మొదటిది పూర్తి పునరాగమనం. పాడ్రేస్, ఆస్ట్రోస్ చేసినట్టు ప్రధాన యూనిఫాంనే పాత రంగుల్లోకి మార్చడం ఇది. రెండోది ప్రత్యామ్నాయ జెర్సీ. కొన్ని మ్యాచ్‌లకే పరిమితమై ఉంటుంది, వికటిస్తే వదిలేయడం తేలిక. మూడోది స్మారక దినం నాటి నకలు. నల్లజాతి ఆటగాళ్లను పెద్ద లీగ్‌లలోకి రానివ్వని కాలంలో వారు నడుపుకున్న నీగ్రో లీగ్ జట్ల యూనిఫాంలను నేటి జట్లు ఒక్కరోజు ధరించడం ఈ కోవలోకి వస్తుంది. కాన్సస్ సిటీ రాయల్స్ జట్టు మొనార్క్స్ పేరుతో ఆడే మ్యాచ్‌లు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఇక్కడ రంగు అలంకారం కాదు, జరిగిన అన్యాయానికి గుర్తింపు.

నాలుగోది నగర వర్ణం. జట్టు సొంత చరిత్రను పక్కనపెట్టి ఊరి చరిత్రలోంచి రంగులు తీయడం. 2021లో నైకీ మొదలుపెట్టిన సిటీ కనెక్ట్ వరసలో తొలి జెర్సీ బోస్టన్ రెడ్ సాక్స్‌ది. ఎర్ర మేజోళ్ల పేరున్న జట్టుకు బోస్టన్ మారథాన్ పసుపు, లేత నీలం తొడిగారు. దాని మీద తగాదా జరిగింది, అమ్మకాలూ జరిగాయి. వీటికి తోడు రంగును మార్చకుండా దాని పాళ్లను మాత్రమే మార్చే మృదువైన పద్ధతి ఒకటుంది. అంచుల్లో ఉన్న రంగు చొక్కా అంతా పరుచుకుంటుంది, చొక్కా రంగు అంచుకు వెళ్తుంది. చాలా క్రికెట్ జట్లు ఏటా చేసేది ఇదే.

భారత జట్టు నీలం: 1992, 2020

క్రికెట్‌లో రంగు దుస్తులు ఆస్ట్రేలియాలో మీడియా అధిపతి కెర్రీ ప్యాకర్ నడిపిన వరల్డ్ సిరీస్ క్రికెట్ పోటీలతో 1970ల చివర్లో వచ్చాయి. ప్రపంచ కప్పులో మాత్రం 1992 దాకా తెల్ల దుస్తులే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగిన ఆ పోటీలో తెల్ల బంతి, నల్ల సైట్ స్క్రీన్, వీపు మీద ఆటగాళ్ల పేర్లు అన్నీ ఒకేసారి వచ్చాయి. జట్లన్నిటికీ నమూనా ఒకటే. భుజాల మీద రంగురంగుల పట్టీలు ఉమ్మడివి, చొక్కా రంగు మాత్రం ఎవరిది వారికి. భారత్‌కు ముదురు నీలం. ఆ నీలంలో జట్టును నడిపిన కెప్టెన్ హైదరాబాద్‌కు చెందిన మహమ్మద్ అజహరుద్దీన్.

2020 నవంబరు 27న సిడ్నీలో ఆస్ట్రేలియాతో వన్డే ఆడినప్పుడు భారత జట్టు ఆ 1992 నమూనాను తలపించే జెర్సీతో దిగింది. కొత్తగా కిట్ హక్కులు తీసుకున్న ఎంపీఎల్ స్పోర్ట్స్ దీన్ని తయారు చేసింది. 1992లో భారత్ సెమీఫైనల్‌కు చేరలేదు. గెలిచిన ఏడాది జెర్సీనే ప్రజలు గుర్తుపెట్టుకుంటారన్న అభిప్రాయం ఇక్కడ నిలవదు. రంగు దుస్తుల్లో తొలిసారి చూసిన ప్రపంచ కప్పు ఒక తరానికి జ్ఞాపకమైంది. ఆ జ్ఞాపకమే 28 ఏళ్ల తర్వాత జెర్సీకి మూలమైంది. 2021 అక్టోబరులో జట్టు మరో నమూనాకు మారింది.

హైదరాబాద్ ఐపీఎల్ జట్ల రంగులు

2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు హైదరాబాద్ జట్టు పేరు దక్కన్ ఛార్జర్స్. దక్కన్ క్రానికల్ సంస్థ దాని యజమాని. దూసుకొస్తున్న ఎద్దు దాని లోగో. మొదటి ఏడాది జెర్సీ లేత గోధుమరంగులో ఉండేది, ఎద్దు బంగారు రంగులో. వీవీఎస్ లక్ష్మణ్ కెప్టెన్‌గా మొదలైన ఆ సీజన్‌లో జట్టు 14 మ్యాచ్‌లలో 2 మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది కెప్టెన్‌తో పాటు రంగూ మారింది. గోధుమ, బంగారు పోయి వెండి, నీలం వచ్చాయి. ఎన్నికల కారణంగా దక్షిణాఫ్రికాకు తరలిన 2009 పోటీలో ఆడమ్ గిల్‌క్రిస్ట్ నాయకత్వాన జట్టు కప్పు గెలిచింది. మే 24న జొహానెస్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్లో బెంగళూరు మీద తేడా 6 పరుగులు. రంగు మార్పుకు, గెలుపుకు కార్యకారణ సంబంధం ఏమీ లేదు. అయినా అభిమానుల మనసులో గోధుమరంగు ఓటమికి, నీలం గెలుపుకు అతుక్కుపోయాయి. పునరుద్ధరణ రంగును ఎంచుకునే రూపకర్త లెక్కలోకి తీసుకోవాల్సింది ఇలాంటి అతుకులనే.

2012 సెప్టెంబరులో భారత క్రికెట్ బోర్డు దక్కన్ ఛార్జర్స్ ఫ్రాంచైజీని రద్దు చేసింది. అక్టోబరులో జరిగిన వేలంలో సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి 85.05 కోట్ల రూపాయల బిడ్‌తో హైదరాబాద్ హక్కులు పొందింది. డిసెంబరులో సన్‌రైజర్స్ హైదరాబాద్ పేరు, సూర్యుడితో కూడిన గరుడపక్షి లోగో బయటికొచ్చాయి. 2013 నుంచి నారింజ, నలుపు రంగులతో జట్టు ఆడుతోంది. ఎద్దు, వెండి, నీలం ఏవీ కొనసాగలేదు. ఆటగాళ్లలో కొందరు కొనసాగినా రంగు దగ్గర చరిత్ర పూర్తిగా తెగింది.

2016లో డేవిడ్ వార్నర్ నాయకత్వంలో కప్పు గెలవడంతో నారింజ స్థిరపడింది. ఆ తర్వాతి మార్పులన్నీ నారింజ, నలుపుల పాళ్ల సర్దుబాట్లే. సన్ టీవీ సంస్థే దక్షిణాఫ్రికాలో నడుపుతున్న సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్ కూడా నారింజే వేసుకుని 2023, 2024లలో ఎస్ఏ20 కప్పు గెలిచింది. అక్కడా ఇక్కడా రంగు ఊరిది కాదు, సంస్థది. పిట్స్‌బర్గ్ పద్ధతికి ఇది సరిగ్గా వ్యతిరేకం.

ఇతర ఐపీఎల్ జట్లతో పోల్చితే హైదరాబాద్ స్థానం తెలుస్తుంది. చెన్నై పసుపును మొదటి నుంచి వదల్లేదు. కోల్‌కతా తొలి రెండేళ్ల నలుపు, బంగారు రంగులను వదిలి 2010లో ఊదా, బంగారు రంగులకు వచ్చింది. రాజస్థాన్ 2008లో నీలంతో మొదలై 2019లో గులాబీకి మారింది. జైపూర్‌కున్న గులాబీ నగరమన్న పేరు దానికి ఆధారం. బెంగళూరు 2011 నుంచి దాదాపు ఏటా ఒక మ్యాచ్‌కు పర్యావరణం పేరుతో పచ్చ జెర్సీ వేసుకుంటుంది. హైదరాబాద్‌లో మాత్రం 2013 నాటి మార్పు సంస్థ మారడం వల్ల వచ్చింది.

నగర ఫుట్‌బాల్

హైదరాబాద్ క్రీడా వారసత్వంలో అత్యంత ఘనమైన అధ్యాయం ఫుట్‌బాల్‌ది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం భారత జట్టును 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలకు నడిపించారు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చినప్పుడు పసుపు, నలుపు రంగులను ఎంచుకుంది. చార్మినార్ మినారును, కోహినూర్ వజ్రాన్ని లోగోలో కలిపింది. జట్టుకు సొంత గతం లేదు కాబట్టి ఊరి గతాన్ని గుర్తుగా తెచ్చుకుంది. ఆసఫ్‌జాహీ జెండా కూడా పసుపే, మధ్యలో తెల్లని గుండ్రం. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానంగా ఉన్న ఆ క్లబ్బు 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి లీగ్ కప్పు గెలిచింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది.

రంగును తీయడం, నిర్ధారించడం

పునర్రూపకల్పనలో మొదటి పని రంగును కనిపెట్టడం. వినడానికి తేలిక, చేయడంలో ఇదే కష్టం. పాత పత్రికల ఫోటోలు నలుపు తెలుపు. వాటిలో ఎరుపు, ముదురు పచ్చ ఒకే బూడిదరంగులో కనిపిస్తాయి. కలర్ ఫోటోలు కాలంతో పాటు ఎర్రబారతాయి. టీవీ టేపుల్లో రంగు సాంద్రత మారిపోతుంది. ఉన్ని ఫ్లానెల్ మీది అద్దకం ఎండకు వెలిసిపోతుంది. అందుకే నమ్మదగిన ఆధారం గుడ్డ ముక్కే. అదీ అతుకు లోపలి మడత, అక్షరం కింద దాగిన భాగం లాంటి వెలుతురు తగలని చోటు. ఆ రంగును స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలిచి సంఖ్యల్లోకి మార్చుకుంటారు. రెండు రంగుల మధ్య తేడాను డెల్టా ఇ అనే కొలతతో చెబుతారు. అది 1 కంటే తక్కువైతే మామూలు కంటికి తేడా తెలియదని లెక్క.

1963లో ప్యాంటోన్ సంస్థ తన రంగుల అంకెల పద్ధతి తెచ్చాక జట్లు రంగును పేరుతో కాక అంకెతో చెప్పడం మొదలైంది. అంతకు ముందరి లోగోలకు అలాంటి అంకె ఉండదు. వాటికి ఇప్పుడు కేటాయించే అంకె రూపకర్త తీర్పే. దాన్ని చారిత్రక సత్యంగా ప్రచారం చేయడం సరికాదు.

రెండో మెట్టు ఎంపిక. లోగోలో అందంగా ఉన్న రంగు చొక్కా అంతా పరిస్తే అలా ఉండదు. చిన్న బొమ్మలో బంగారు గీత మెరుస్తుంది, అదే రంగు ఆరడుగుల మనిషి మీద మట్టిరంగులా తేలిపోతుంది. దక్కన్ ఛార్జర్స్ తొలి జెర్సీ ఇందుకు నిదర్శనం. సాధారణంగా ఒక ప్రధాన రంగు, ఒక సహాయక రంగు, అంచులకు కొద్దిగా మూడోది అన్న పాళ్లలో పని నడుస్తుంది. సంఖ్యలు గ్యాలరీ చివరి వరస నుంచి చదవగలిగేంత వైరుధ్యం ఉండాలి. నారింజ మీద తెల్ల అంకె దూరానికి కరిగిపోతుంది, నల్ల అంకె నిలబడుతుంది. క్రికెట్‌లో బంతి రంగూ చూడాలి. తెల్ల బంతితో ఆడే పోటీల్లో తెల్ల చొక్కా పనికిరాదు.

గుడ్డ, అచ్చు: అమీర్‌పేట డిజైన్ తరగతుల నుంచి హీట్ ప్రెస్ దాకా

నేటి క్రీడా జెర్సీల్లో ఎక్కువభాగం పాలిస్టర్. వ్యాపారంలో డాట్ నిట్, రైస్ నిట్ అనే పేర్లతో దొరికే చిల్లుల అల్లిక గుడ్డలు కాలనీ జట్ల జెర్సీలకు వాడతారు. అచ్చు పద్ధతి సబ్లిమేషన్. డిజైన్‌ను ప్రత్యేకమైన కాగితం మీద అద్దంలో కనిపించినట్టు తిరగేసి ప్రింట్ తీస్తారు. ఆ కాగితాన్ని గుడ్డ మీద పెట్టి దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో నిమిషం పాటు నొక్కుతారు. ఇంకు ఆవిరై పాలిస్టర్ పోగుల్లోకి ఇంకుతుంది. ఉతికినా రాలదు, పగలదు. నూలు గుడ్డకు ఇది పట్టదు.

పాత రంగుల పునరుద్ధరణలో ఈ పద్ధతికి రెండు ముఖ్యమైన పరిమితులున్నాయి. సబ్లిమేషన్‌లో తెల్ల ఇంకు లేదు, లోహపు మెరుపూ లేదు. వెండి కావాలంటే బూడిదరంగు ఛాయలతో భ్రమ కల్పించాలి, లేదా రేకులాంటి ఫాయిల్‌ను విడిగా అతికించాలి. ఇక నారింజ. సియాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు ఇంకులతో గాఢమైన నారింజ రాదు. కంప్యూటర్ తెర మీద నిప్పులా కనిపించినది గుడ్డ మీద ఇటుకపొడిలా దిగుతుంది. పెద్ద తయారీదారులు అదనపు నారింజ ఇంకునో, ఆ రంగులోనే అద్దిన గుడ్డనో వాడతారు. వీధి జెర్సీ, అసలు జెర్సీ పక్కపక్కన పెడితే నారింజలో తేడా వెంటనే తెలియడానికి కారణం ఇదే.

హైదరాబాద్‌లో ఈ పని నేర్చుకునేవారికి అమీర్‌పేట తెలిసిన చోటు. మైత్రివనం, ఆదిత్య ఎన్‌క్లేవ్, పాత సత్యం థియేటర్ దారి చుట్టూ ఉన్న శిక్షణ సంస్థలకు సాఫ్ట్‌వేర్ కోర్సులతో పేరొచ్చినా ఫోటోషాప్, ఇలస్ట్రేటర్, కోరల్‌డ్రా నేర్పే గ్రాఫిక్ డిజైన్ తరగతులు కూడా అక్కడ నడుస్తాయి. కోరల్‌డ్రా ఫ్లెక్సీ, శుభలేఖ, జెర్సీ ప్రింటింగ్ పనులన్నిటికీ ఉమ్మడి పనిముట్టు. పాత లోగో ఫోటోను దాని మీద గీతలుగా మళ్లీ గీసి, రంగులు నింపి, చొక్కా ముక్కల నమూనాలో పరవడం ఈ పనిలో రోజువారీ వ్యవహారం. ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు, కాలరు విడివిడిగా అచ్చువేసి తర్వాత కుడతారు. ఒకే రంగు రెండు వేర్వేరు రోజుల్లో అచ్చయితే చేతికి, ఛాతీకి ఛాయ కలవదు. 2024లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌కు నైకీ తెచ్చిన కొత్త యూనిఫాంలలో బూడిద చొక్కాకు, ప్యాంటుకు రంగు కలవలేదని ఆటగాళ్లే ఫిర్యాదు చేశారు. సమస్య చిన్న ప్రెస్సుకే పరిమితం కాదు.

నియమాలు, హక్కులు

మేజర్ లీగ్ బేస్‌బాల్ నియమాల ప్రకారం జట్టులో అందరి యూనిఫాం ఒకే రంగు, ఒకే అంచు అలంకరణ, ఒకే శైలిలో ఉండాలి. బంతి ఆకారాన్ని తలపించే నమూనా దుస్తుల మీద ఉండకూడదు. బ్యాటర్ కంటికి మోసం జరగకూడదన్నది ఉద్దేశం. సొంత మైదానంలో తెలుపు, బయట బూడిద లేదా మరో రంగు అన్న ఆనవాయితీ ప్రత్యామ్నాయ జెర్సీల రాకతో చాలా వదులైంది.

భారతదేశంలో 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం గుర్తు అనే నిర్వచనంలో రంగుల కలయికను కూడా చేర్చింది. రంగు పరిమితి లేకుండా నమోదైన గుర్తు అన్ని రంగుల్లోనూ నమోదైనట్టే. 2000 డిజైన్స్ చట్టం కింద నమోదైన రూపకల్పనకు 10 ఏళ్ల రక్షణ, దాన్ని మరో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. ఒక్క రంగు మీద, అంటే కేవలం నీలం మీద, ఏ జట్టూ ఏకస్వామ్యం కోరడం కష్టం. లోగో బొమ్మ అలా కాదు. రద్దయిన ఫ్రాంచైజీ లోగోను అదే ఊరిలోని కొత్త ఫ్రాంచైజీ వాడాలంటే హక్కుదారు అనుమతి కావాలి. బ్రూవర్స్ లాంటి జట్లు సొంత పాత లోగోను తిరిగి తెచ్చుకోగలిగాయి. హైదరాబాద్‌లో ఆ వెసులుబాటు లేదు. ఐపీఎల్ రికార్డుల్లోనూ దక్కన్ ఛార్జర్స్, సన్‌రైజర్స్ రెండు వేర్వేరు జట్లు.

అభిమానులు, అమ్మకాలు

యూనిఫాం మార్పుకు కళ ఎంత కారణమో వ్యాపారమూ అంతే. కొత్త జెర్సీ వస్తే పాతది ఉన్నవాళ్లూ మళ్లీ కొంటారు. పాత రంగుల జెర్సీకి రెండు తరాల కొనుగోలుదారులుంటారు. ఆ ఆటను చూసిన పెద్దలు ఒక తరం, చూడని పిల్లలు మరో తరం.

హైదరాబాద్‌లో జట్టు రంగు వీధిలో కనిపించేది ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ జరిగే రోజున. 2017 నవంబరులో మెట్రో తొలిదశ మొదలైనప్పటి నుంచి అమీర్‌పేట స్టేషన్ ఎరుపు, నీలం లైన్ల కూడలి. పంజాగుట్ట, ఎర్రమంజిల్ వైపు నుంచి ఎరుపు లైన్‌లో వచ్చినవారు ఇక్కడ దిగి నాగోల్ వెళ్లే నీలం లైన్ ఎక్కి స్టేడియం స్టేషన్‌లో దిగుతారు. ఐపీఎల్ సాయంత్రాల్లో ఈ మార్పిడి ప్లాట్‌ఫాం నారింజతో నిండుతుంది. చెన్నై, బెంగళూరు జట్లు వచ్చిన రోజు పసుపు, ఎరుపు కూడా కలుస్తాయి. మైదానం బయట దారి పొడవునా అమ్మే జెర్సీల్లో అధికభాగం అనుమతి లేని నకళ్లు. అధికారిక జెర్సీ ధర మామూలు విద్యార్థికి అందదు కాబట్టి జట్టు రంగును జనంలోకి తీసుకెళ్లింది నిజానికి ఈ నకళ్లే. హక్కుల కోణంలో ఇది నష్టం, రంగు గుర్తింపు కోణంలో లాభం.

విమర్శలు, పరిమితులు

పాత రంగుల మీద మోజు కొత్త ఆలోచనను ఆపేస్తుందని కొందరు రూపకర్తలు అంటారు. ప్రతి తరం వెనకటి తరం జెర్సీనే మళ్లీ కుడితే తర్వాతి తరానికి పునరుద్ధరించడానికి ఏమీ మిగలదన్నది వారి వాదన. దీనికి బదులుగా పాడ్రేస్, బ్రూవర్స్ ఉదాహరణలు చూపుతారు. అవి నకళ్లు కావు, దిద్దిన రూపాలు. రెండో విమర్శ నిజాయితీకి సంబంధించింది. ఏ గతాన్ని ఎంచుకుంటున్నారు, దేన్ని దాటవేస్తున్నారు అన్నది. క్లీవ్‌లాండ్ జట్టు అమెరికా ఆదివాసులను వెక్కిరించే బొమ్మను 2018 సీజన్ తర్వాత యూనిఫాం నుంచి తీసేసి, 2022 నుంచి గార్డియన్స్ పేరుతో ఆడుతోంది. ముదురు నీలం, ఎరుపు మాత్రం ఉంచుకుంది. లోగో పోయినా రంగు నిలవగలదని, లోగోలోని తప్పును రంగుకు అంటగట్టనక్కర్లేదని ఈ ఉదాహరణ రుజువు చేసింది.

హైదరాబాద్ విషయంలో ప్రధానమైన పరిమితి ఆధారాల సేకరణ. ఐపీఎల్ జెర్సీలన్నిటికీ వీడియోలున్నాయి, గుడ్డ కూడా అందుబాటులో ఉంది. రెండుసార్లు రంజీ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ క్రికెట్ జట్టు టోపీలు, కోట్ల మీది చిహ్నాలు, సిటీ పోలీస్ ఫుట్‌బాల్ చొక్కాలు మాత్రం పాత ఆటగాళ్ల ఇళ్లలో, క్లబ్బుల బీరువాల్లో ఉండాల్సినవి. వాటిని వెతికి, రంగు కొలిచి, ఫోటోతో పాటు అంకెలుగా నమోదు చేయాలి. నగరానికి సొంత రంగుల పునరుద్ధరణ అక్కడి నుంచే మొదలుకావాలి.